కైలాసగిరి మెట్ల నుంచి రుషికొండ కెరటాల దాకా: ఒక వేసవి రోజుపై మా కుటుంబ సమీక్ష

పిల్లల వేసవి సెలవుల్లో, మే నెల రెండో వారంలో, మేము విశాఖపట్నంలోని మా అక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు ఒక రోజంతా కొండ ఎక్కడానికీ సముద్రంలో ఈదడానికీ కేటాయించాము. బయలుదేరినవాళ్లం ఐదుగురం: నేను, మా వారు, పదమూడేళ్ల మా అమ్మాయి, ఎనిమిదేళ్ల మా అబ్బాయి, చిన్నప్పటి నుంచీ ఆ తీరంలోనే ఈది పెరిగిన మా బావగారు. తెల్లవారకముందే కైలాసగిరి మెట్ల దారి, ఆ వెంటనే రుషికొండ బీచ్‌లో ఈత, మధ్యాహ్నం భోజనం, కాసేపు నిద్ర, సాయంత్రం తొట్లకొండ అని బావగారు ముందు రోజే క్రమం నిర్ణయించారు. ఈ చోట్లలో కుటుంబానికి ఏది ఎంతవరకు పనికొచ్చిందో, దేనికి పెట్టిన డబ్బు వృథా అయిందో, పిల్లలతో వెళ్లేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. విశాఖలో పిల్లలతో గడపడానికి ఇంతకంటే మంచి రోజు నాకు తెలియదు. అయితే ఆ మంచి అంతా వేళను పట్టుకోవడంలోనే ఉంది. అవే మెట్లు, అదే నీరు, రెండు గంటలు ఆలస్యమైతే పిల్లలను బాధపెట్టేవి.

విశాఖలో మే నెల సూర్యుడు ఐదున్నర కాకముందే ఉదయిస్తాడు. కైలాసగిరికి సముద్రం వైపున్న వాలు తూర్పు ముఖంగా ఉంటుంది కనుక, సూర్యుడు నీళ్లలోంచి పైకి రాగానే ఎండ నేరుగా మెట్ల మీదే పడుతుంది. ఆ వాలు మీదికి నీడ తిరిగి రావాలంటే మధ్యాహ్నం దాటాలి. నడకకు వచ్చే స్థానికులకు ఈ సంగతి బాగా తెలుసు. మేము ఐదు గంటలకు పది నిమిషాల ముందు బీచ్ రోడ్డు వైపు మెట్ల మొదటికి చేరేసరికే ఒకరిద్దరు పెద్దవాళ్లు ఎక్కి దిగుతూ ఎదురయ్యారు. ఆ మసక వెలుతురులో మెట్లు కనిపిస్తున్నాయి గానీ వాటి ఎత్తుల్లోని తేడా కనిపించదు. అందువల్ల చిన్న టార్చి ఒకటి తీసుకువెళ్లడం మంచిదని చెబుతాను.

ఎక్కడం పెద్దవాళ్లకు కష్టం కాదు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి మాత్రం అది నిజమైన కొండే. మొదటి పది నిమిషాలు వాడు అందరికంటే ముందు పరుగెత్తాడు, తర్వాతి పది నిమిషాలు అందరికంటే వెనకపడ్డాడు. అప్పుడు బావగారు వాడిని ముందు నిలబెట్టి, "ఒరే నాన్నా, నువ్వు ఎంత నెమ్మదిగా నడిస్తే మేమూ అంత నెమ్మదిగానే వస్తాం, నువ్వు ఆగమంటే ఆగుతాం" అన్నారు. ఆ మాటతో వాడి నడక ఒక లయకు వచ్చింది. పిల్లలతో కొండ ఎక్కేవారికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. విశాఖ వేసవి ఉష్ణోగ్రత అంకెల్లో చూస్తే హైదరాబాద్ కంటే తక్కువే, చాలా రోజులు 34, 35 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. కానీ గాలిలో తేమ ఎక్కువగా ఉండటం వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. హైదరాబాద్ పొడి ఎండకు అలవాటుపడిన మాకు ఇది మెట్లు సగం ఎక్కాక గాని అర్థం కాలేదు. తలా ఒక లీటరు నీళ్లు, వాటితోపాటు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఒక పెద్ద సీసాడు తీసుకువెళ్లాము, కొండ దిగేసరికి చుక్క మిగలలేదు.

పైకి చేరాక దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని నుంచి మన వైపు వంపు తిరిగి వచ్చే ఆర్కే బీచ్, ఉత్తరాన రుషికొండ వైపు తీరం ఒకే చూపులో అందుతాయి. శివపార్వతుల తెల్లని విగ్రహాల దగ్గర ఫొటోలు తీసుకోవడం అందరూ చేసేదే కనుక దాని గురించి ఎక్కువ రాయను. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉంటే పగటిపూట నడిచే రోప్‌వేలో గానీ వాహనంలో గానీ రావచ్చు; కానీ మా పిల్లలు ఆ దృశ్యాన్ని తమ కాళ్లతో సంపాదించుకున్నారన్న ఆనందం వాళ్ల ముఖాల్లో నాకు స్పష్టంగా కనిపించింది. లోపం ఒకటుంది. మెట్ల పక్క పొదల్లో సందర్శకులు పారేసిన ప్లాస్టిక్ సీసాలు చాలా ఉన్నాయి. అమ్మాయి తన సంచిలో పట్టినన్ని ఏరి కిందికి తెచ్చింది. దిగేటప్పుడు తొడలు వణికాయి. కొండ ఎక్కడంకంటే దిగడంలోనే పిల్లల కాళ్లు జారతాయి కనుక చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేయడం అవసరం.

ఏడు గంటలకల్లా రుషికొండ చేరాము. కైలాసగిరి కింద కనిపించే తీరంలోనే దిగిపోదామని పిల్లలు పట్టుబట్టారు గానీ బావగారు ఒప్పుకోలేదు. నగరానికి దగ్గరలోని తీరంలో చాలాచోట్ల రాళ్లున్నాయి, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. అక్కడ నడవాలి, కూర్చోవాలి, ఈదకూడదు అన్నది ఆయన నియమం. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద మొదటిసారిగా ఎనిమిది బీచ్‌లకు ఆ గుర్తింపు లభించగా, ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నది ఇదొక్కటే. డెన్మార్క్‌లోని ఒక పర్యావరణ విద్యా సంస్థ నీటి నాణ్యత, భద్రత, సదుపాయాలు, పర్యావరణ నిర్వహణ వంటి 33 ప్రమాణాలను చూసి ఈ గుర్తింపు ఇస్తుంది. కుటుంబంతో వెళ్లేవారికి ఆ జెండాకంటే విలువైనది, దాని వెంట వచ్చే కాపలా బురుజు, జీవరక్షకులు, ఈతకు హద్దులు గుర్తించిన స్థలం. ఆ హద్దు దాటి రెండు వందల అడుగులు పక్కకు వెళితే అది కూడా మిగతా బంగాళాఖాతం లాంటిదే.

నీళ్లలో దిగకముందు బావగారు పిల్లలిద్దరినీ ఒడ్డున కూర్చోబెట్టి పావుగంటసేపు సముద్రాన్ని ఊరికే చూడమన్నారు. నా దృష్టిలో ఆ రోజు మాకు దొరికిన సేవలన్నింటిలోకీ గొప్పది ఇదే, దీనికి రుసుము కూడా లేదు. కెరటాలు వరుసగా విరుగుతూ నురగ కడుతున్న చోట్ల మధ్య, ఒకచోట మాత్రం నీరు నురగ లేకుండా, కాస్త నల్లగా, నున్నగా ఉంది. "అక్కడ కెరటం విరగడం లేదు చూశారా? ప్రశాంతంగా ఉందనుకొని తెలియనివాళ్లు అక్కడే దిగుతారు" అని ఆయన వివరించారు. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవడానికి ఇసుకలో లోతుగా ఉన్న సన్నని దారిని వెతుక్కుంటుంది. దానినే రిప్ కరెంట్ అంటారు. మంచి ఈతగాడి వేగాన్ని కూడా మించగల ఆ ప్రవాహానికి ఎదురీదితే అలసట తప్ప ఫలితం ఉండదు. దానిలో చిక్కుకుంటే ఒంటిని తేల్చి ఉంచుకొని, చెయ్యి పైకెత్తి పిలవాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ దారిలోంచి బయటపడ్డాక కెరటాలతోపాటు ఒడ్డుకు రావాలి. ఈ మాటలను అబ్బాయి చేత మూడుసార్లు చెప్పించారు. వేసవిలో మరో సంగతి కూడా గమనించాలి. ఇక్కడ గాలి లేకపోయినా, దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుఫాను ఉబ్బు కెరటాలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరానికి రావచ్చు. అందుకే బయలుదేరే ముందు రాత్రి మా వారు ఇన్‌కాయిస్ హెచ్చరికలు చూశారు. సముద్రం లేని మా హైదరాబాద్ నుంచే ఆ సంస్థ దేశపు తీరమంతటికీ కెరటాల అంచనాలు ఇస్తుందని తెలిసి పిల్లలు చాలా ఆశ్చర్యపోయారు.

ఇక డబ్బు వృథా అయిన సంగతి. అబ్బాయికి మా సొంత లైఫ్ జాకెట్ ఉంది, అమ్మాయికి లేదు. ఒడ్డుకు దగ్గరలో సామగ్రి అద్దెకిచ్చే ఒక దుకాణంలో ఆమెకు జాకెట్ అడిగితే పెద్దల కొలతది ఇచ్చారు; దాని పక్క పట్టీ బిగింపు విరిగి ఉంది. అమ్మాయి వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూస్తే జాకెట్ చెవుల దాకా వచ్చేసింది. నీళ్లలో పడితే కూడా సరిగ్గా అదే జరుగుతుంది. మార్చి ఇవ్వమంటే లేదన్నారు, ముందే చెల్లించిన అద్దె తిరిగి ఇవ్వలేదు, దానికి బదులు గాలి ట్యూబు తీసుకోమన్నారు. తెల్లవారిన తర్వాత కొంతసేపటి వరకు గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ వేళలో గాలి ట్యూబు మీద కూర్చున్న పిల్లవాడు పెద్దల కళ్ల ముందే చప్పుడు లేకుండా లోపలికి జరిగిపోతాడు. ట్యూబు ఆటవస్తువే గాని రక్షణ సాధనం కాదు. మేము దానిని తీసుకోలేదు.

లైఫ్ జాకెట్ కొనేవారి కోసం నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే కొనేటప్పుడు నేను కూడా రంగు చూసే కొనబోయాను. జాకెట్ లోపలి చీటీ మీద తేలగల శక్తిని న్యూటన్లలో రాస్తారు. 50 న్యూటన్లది ఈత వచ్చినవారికి, అది కూడా సహాయం దగ్గరలో ఉన్నప్పుడు మాత్రమే. ఈత రాని పిల్లలకు కనీసం 100 న్యూటన్లది, తల వెనక కాలరు ఉన్నది తీసుకోవాలి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే పిల్లల జాకెట్ పైకి జారిపోతుంది. చీటీ మీద రాసిన బరువు హద్దు పిల్లవాడి బరువుకు సరిపోవాలి. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని పెద్దది కొనకూడదు. మా అబ్బాయి జాకెట్ ఈ పరీక్షలన్నింటికీ నిలిచింది. వాడిని కెరటం రెండుసార్లు పడగొట్టినా, రెండుసార్లూ ముఖం పైకే తేలాడు. అలాగని నేను చెయ్యి చాచితే అందే దూరం దాటి వాడిని వెళ్లనివ్వలేదు.

అమ్మాయి హైదరాబాద్‌లో ఈత కొలనులో రెండేళ్లుగా నేర్చుకుంటోంది, పాతిక మీటర్లు ఎన్నిసార్లైనా అలవోకగా ఈదుతుంది. సముద్రంలో మొదటి ఐదు నిమిషాల్లో ఆ ధైర్యం పోయింది. అడుగున గీత లేదు, పట్టుకోవడానికి గోడ లేదు, ఊపిరి తీసుకోబోయిన వైపు నుంచే కెరటం వచ్చి నోట్లో ఉప్పు నీరు పోసింది. బావగారు ఆమెను ఛాతీ లోతు నీటిలో ఉంచి, తాను సముద్రం వైపున ఉండి, ఒడ్డుకు సమాంతరంగా ఈదించారు. కెరటం వచ్చే వైపు కాకుండా ఒడ్డు వైపు తల తిప్పి ఊపిరి తీసుకోవాలని, ప్రతి పది బారలకు ఒకసారి కళ్లు పైకెత్తి తీరం మీద కదలని గుర్తును చూసుకోవాలని చెప్పారు. కాసేపటికి ఆమె ఆగి చూసి, ఒడ్డు మీద మా సంచులు దక్షిణానికి జరిగిపోయాయని అరిచింది. జరిగింది సంచులు కాదు, ఆమే. వేసవి గాలులకు ఈ తీరం వెంట నీరు ఉత్తరం వైపు మెల్లగా ప్రవహిస్తుంది. ఈదేవాళ్లకు అది తెలియదు. అందుకే బురుజుకు కాస్త దక్షిణాన దిగి, బురుజు దాటేలోగా బయటికి వచ్చి, మళ్లీ నడిచి వెనక్కి వెళ్లడం మొదలుపెట్టాము. నాలుగో విడతకు ఆమె తనంతట తానే తల తిప్పే వైపు మార్చుకుంది. ఆ క్షణం కోసం ఆ రోజంతా మళ్లీ గడపమన్నా గడుపుతాను.

నీరు ఒంటిని చల్లబరుస్తుందని ఆశించకూడదు. మే నెలలో ఇక్కడి సముద్రపు నీరు 29, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే గోరువెచ్చగా ఉంటుంది. చల్లదనం కోసం వెళ్లేవారు నిరాశపడతారు. ఈదడానికి వెళ్లేవారికి మాత్రం అది వరమే, ఎందుకంటే పిల్లలు వణకకుండా ఎక్కువసేపు ఉండగలరు. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, దాహం తెలియదు కనుక ప్రతి ఇరవై నిమిషాలకు బయటికి పిలిచి నీళ్లు తాగించాము. నిండు చేతుల ఈత చొక్కాలు వేసినందువల్ల భుజాలు కాలలేదు. మా వారు అది వేసుకోలేదు, ఆ రాత్రి ఆయన వీపు మీద కొబ్బరినూనె రాయవలసి వచ్చింది.

విరామంలో అబ్బాయి తడి ఇసుకలో గులాబీ, నలుపు చారలు కనిపెట్టాడు. విశాఖ చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఖోండలైట్ అనే రాయితో ఏర్పడ్డాయి. తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరు మీదనే ఆ రాయికి ఆ పేరు వచ్చింది. ఆ రాతిలో గార్నెట్ గింజలుంటాయి. వానలకు కొండ అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, కెరటాలు తేలిక ఇసుకను తీసుకుపోగా మిగిలిన బరువైన గింజలే ఆ గులాబీ చారలు. నల్లనిదానిలో ఎక్కువ భాగం ఇల్మెనైట్. పొద్దున మనం ఎక్కినటువంటి కొండే అరిగి నీ అరచేతిలోకి వచ్చిందని చెప్పగానే వాడు పిడికిలి మూసుకున్నాడు, ఇంటికి వెళ్లేదాకా తెరవనన్నాడు. ఒడ్డు ఇసుక ఒడ్డుకే ఉండాలని నచ్చజెప్పి వదిలించాము.

తొమ్మిదిన్నరకు బయటికి వచ్చేశాము. అప్పటికి గాలి తిరిగి సముద్రం మీది నుంచి వీయడం మొదలైంది, నున్నగా ఉన్న నీటి మీద చిన్న చిన్న కెరటాలు లేచి గజిబిజి అయ్యాయి, జనం కూడా పెరిగారు. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి గదులు ఉండటం ఆడపిల్లలతో వెళ్లేవారికి ఎంత పెద్ద ఊరటో మాటల్లో చెప్పలేను. నా చిన్నప్పుడు సముద్ర స్నానమంటే తడి బట్టలతో బస్సెక్కడమే. మేము వెళ్లింది మంగళవారం కనుక వరుసలో నిలబడవలసిన పని రాలేదు. ఆదివారాల్లో వెళ్లవద్దనే చెబుతాను, జీవరక్షకుల చూపు ఎందరి మీదని నిలుస్తుంది?

భోజనం గురించి క్లుప్తంగా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో తెప్పల మీద వెళ్లేవారు తెచ్చే చిన్న చేపలే తాజావి. రోడ్డు పక్కన ఒక చిన్న మెస్‌లో వంజరం ఉందా అని అడిగితే, ఉన్నది ఐసుదని నిజాయితీగా చెప్పి, నెత్తళ్ల వేపుడు, కవళ్ల పులుసు తినమన్నారు. రెండూ అద్భుతంగా ఉన్నాయి. వడ్డించడానికి ముప్పావుగంట పట్టింది, ఈదివచ్చిన పిల్లలకు అది చాలా ఎక్కువ సమయం. పులుసు కారం అబ్బాయి తినలేకపోయాడు. బయట బుట్టలో అమ్ముతున్న తాటి ముంజలతో వాడి కడుపు నిండింది.

ఇంట్లో రెండు గంటలు పడుకొని లేచి, నాలుగింటికి తొట్లకొండ బయలుదేరాము. దీని ఎత్తు 128 మీటర్లు, పైదాకా రోడ్డుంది. మేము మాత్రం మలుపులు మొదలయ్యే చోట దిగి నడిచాము. పొద్దుటి లెక్క ఇక్కడ తారుమారవుతుంది: సూర్యుడు కొండల వెనక్కి వెళ్లడంతో సముద్రం వైపు వాలుకు నీడ వస్తుంది. 1976లో నౌకాదళం వైమానిక సర్వే చేసినప్పుడు బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రంలో 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. స్తూపాల, విహారాల పునాదులకంటే మా పిల్లలను ఆకట్టుకున్నవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. వాటి వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ నివసించిన భిక్షువులు వాననీటిని పట్టి ఏడాది పొడుగునా వాడుకున్నారని విని, పొద్దున మజ్జిగ సీసా ఖాళీ అయిన సంగతి అమ్మాయే గుర్తు చేసింది. కింద మంగమారిపేట తీరంలో సహజ శిలాతోరణాన్ని దూరం నుంచే చూశాము. ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. అవి జాతీయ భూవారసత్వ స్థలం, మెత్తని మట్టి, పిల్లలు ఎక్కి జారవలసిన చోటు కాదు కనుక వెళ్లలేదు.

ఈ క్రమం ఆరేళ్లు దాటిన పిల్లలున్నవారికి తగినదని నా అభిప్రాయం. ఇంకా చిన్నపిల్లలుంటే రెండు కొండల్లో ఒకటి మానుకోవాలి, తొట్లకొండను ఉంచుకొని కైలాసగిరిని మానుకోమంటాను. ఈత బాగా వచ్చిన పెద్దవారు ఒక్కరైనా పిల్లలతోపాటు నీళ్లలో ఉండగలిగితేనే సముద్రంలో దిగాలి. మాకు బావగారు లేకపోతే మోకాలి లోతుతోనే ఆగిపోయేవాళ్లం. వచ్చే మే నెలకు కూడా ఇదే క్రమాన్ని అనుకున్నాము. అద్దె దుకాణం జోలికి పోకుండా అమ్మాయి కొలతకు జాకెట్ కొనాలి, అబ్బాయికి కూడా కొత్తది కావాలి; ఇప్పటిది 30 కిలోల లోపు పిల్లలకే, వాడు అప్పుడే 27 ఉన్నాడు.